ఆవకాయ కింద, ఫిల్ము పైన

కామవరపుకోట నుంచి అమెరికా వెళ్లే సూట్‌కేసులో కెమెరాకు చోటు అడగడమంటే, పెళ్లిలో ఆఖరి బంతికి వెళ్లి బూరెలు అడగడమే. ఉన్న కిలోలన్నీ అప్పటికే ఆవకాయ, కందిపొడి, సున్నుండల పేర రిజిస్టరైపోయాయి.

"మీ రీళ్లు పచ్చడి పక్కన పెట్టుకోండి, ఎవరొద్దన్నారు?" అంది మా ఆవిడ.

ఎక్స్‌రే వద్దంటోంది మరి! విమానం కడుపులోకి పోయే సామానుకు కొట్టే కిరణాలు గట్టివి, కడగని ఫిల్ము మసకబారిపోతుంది. చేతిసంచీలో పెట్టుకున్నా, ఇప్పుడొస్తున్న సీటీ యంత్రాలు ఒక్క స్కాన్‌తోనే పాడుచేయగలవు. అందుకని రీళ్లను డబ్బాల్లోంచి తీసి, లోపలిది కనిపించే ప్లాస్టిక్ సంచీలో వేసి, "చేత్తో చూడండి బాబూ" అని బతిమాలుకోవాలి. అమెరికాలో అడిగితే చూస్తారు. దారిలో మిగతాచోట్ల ఆ పూట డ్యూటీలో ఉన్నాయన దయ. విడి లిథియం బ్యాటరీలూ చేతిసంచీలోనే ఉండాలి. నూనె తేలే ఆవకాయ జాడీని మాత్రం అక్కడికి రానివ్వరు. "అయితే సూట్‌కేసు మొత్తం నాదే" అని మా ఆవిడ తీర్పు చెప్పేసింది.

కెమెరా పనిచేస్తోందో లేదో ముందే ఒక రీలు తీసి చూసుకోవాలి. గుంటుపల్లి వెళ్లాను. రాతికొండలో చెక్క వాసాల్లా చెక్కిన గుండ్రటి చైత్యం కప్పు, లోపల మసక వెలుతురు. నెమ్మది షట్టరును పరీక్షించడానికి అంతకన్నా మంచి చోటు లేదు. రెండువేల ఏళ్లుగా కదలని స్తూపం ఫొటోకి మాత్రం కదులుతుందా? రీలు కడగడానికి ఊళ్లో స్టూడియోకి వెళితే, కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో మెమరీ ఎంత సార్?" అన్నాడు. కొరియర్‌లో హైదరాబాదు పంపాను.

లెన్సుకు బూజు పట్టకుండా బియ్యం డబ్బాలో పెట్టమన్నాడు మా బావమరిది. తవుడు ఎవరు దులుపుతారు? చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలే నయం.

ఇక కస్టమ్స్. వెళ్లేటప్పుడే కెమెరా చూపించి, సీరియల్ నంబరుతో ఎగుమతి సర్టిఫికెట్ తీసుకుంటే, తిరిగొచ్చాక సుంకం పేచీ ఉండదు. "ఎందుకురా కాగితాలు?" అంది అమ్మ. దసరా ఆయుధపూజలో ఆవిడ పెట్టిన పసుపు కెమెరా తోలు గరుకులోకి దిగిపోయి, బ్రష్షుకు కూడా రావడం లేదు. "ఈ బొట్టు చూశాక అమెరికాలో కొన్నావని ఎవడంటాడు?"

ఖాళీ అయిన ఫిల్ము డబ్బాలు మా ఆవిడ వంటింట్లోకి చేరాయి. ఒకదాంట్లో కుంకుమ, ఒకదాంట్లో ఇంగువ. ప్రయాణం ముందురోజు సర్దుతుంటే ఇంగువ డబ్బా రీళ్ల సంచీలో కనిపించింది.

"ఎలాగూ దాన్ని చేత్తో చూస్తారన్నారుగా," అంది.