టై కట్టిన బీబీఏ

"రేపటి ఎంబీఏకి ఇదే పునాదండీ" అంటూ కౌన్సెలర్ బీబీఏ బ్రోషర్ చేతిలో పెట్టాడు. అట్ట మీద సూటూ టై, చివరి పేజీలో చీమతలకాయంత అక్షరాల్లో ఫీజు. నాన్నగారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. ఐఐఎంల ఎంబీఏ ఎంట్రన్స్ అయిన క్యాట్ రాయడానికి ఏ డిగ్రీ అయినా చాలు, జనరల్ వాళ్లకి 50 శాతం మార్కులుంటే సరి. బీఏ తెలుగు చదివినవాడూ రాయొచ్చు. ఆ ముక్క మాత్రం బ్రోషర్‌లో లేదు! ఐఐఎంలలో చూస్తేనేమో ఇంజనీర్ల సందడి. ఇంటర్ కాగానే ఐఐఎం గడప తొక్కాలనుకుంటే ఇండోర్‌లో 2011 నుంచీ ఐదేళ్ల ఐపీఎం కోర్సు ఉంది, దాని ఎంట్రన్స్ వేరు. ఇదంతా అడిగితే కౌన్సెలర్ నొచ్చుకున్నాడు.

"మా దగ్గర మొదటి ఏడే టై కట్టుకోవడం నేర్పుతాం సార్."

"మావాడు ఎల్‌కేజీ నుంచీ కడుతున్నాడు బాబూ!"