సీమకెళ్లిన పందికొక్కు

పది రోజులుగా మా కాంపౌండు గోడ కింద ఒక పందికొక్కు తవ్వకాలు సాగిస్తోంది. బోను పెట్టి, ఎరగా ఉల్లిపాయ పకోడీ గుచ్చాను. పకోడీ పోయింది, బోను మిగిలింది. ఈ గోడు మెల్‌బోర్న్‌లో ఉన్న మనవడికి ఫోన్లో చెప్పుకుంటే, "బాండికూటా? అది మా ఆస్ట్రేలియాది కదా తాతయ్యా! ఎంత క్యూట్‌గా ఉంటుందో!" అన్నాడు.

గోడ పోతే పోయింది, మాట కూడానా?

పైకి రెండు ఇంగ్లీషు ముక్కలు అతికించినట్టుంటుంది గానీ, బాండికూట్ అనేది అచ్చంగా మన పంది, మన కొక్కు. 1886లో యూల్, బర్నెల్ దొరలు వేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువే ఆ మాట చెప్పింది. అయినా ద్రుతం ఊసైనా లేకుండా 'ప' కాస్తా 'బ' ఎలా అయిందండీ? వ్యాకర్త చిన్నయసూరి వింటే బెత్తం తీసేవాడు. పందివంటి కొక్కు కనుక ఇది ఉపమాన పూర్వపద కర్మధారయమని మా ఆవిడకు వివరించబోతే, "ముందు ఆ కలుగు పూడ్చండి" అంది.

1799 ప్రాంతంలో జార్జ్ బాస్ అనే ఓడవైద్యుడు ఆస్ట్రేలియాలో ఏదో ముక్కుపొడుగు జంతువును చూసి ఈ పేరు తగిలించాడు. దానికీ మన ఎలుకకూ ఏ చుట్టరికమూ లేదు. అది కంగారూలాగా సంచిజాతి. ఆ సంచి మూతి కూడా వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు పిల్లల మీద మట్టి పడకుండా. మా గోడ కింది శాల్తీకి అంత ముందుచూపు లేదు. అక్కడితో ఆగారా? మొక్క కదలకుండా మట్టిలోంచి బంగాళాదుంపలు కాజేయడాన్ని అక్కడ బాండికూటింగ్ అన్నారు. 1996లో ఒకదానికి నీలం నిక్కరు తొడిగి వీడియో గేమ్‌లో గెంతించారు. మనవడుండే విక్టోరియా రాష్ట్రంలోనైతే నక్కల బారిన పడకుండా వాటికి కంచెలే కట్టారు. నేను గోడ కట్టింది దేనికో మీకు చెప్పక్కర్లేదు.

మా చిన్నప్పుడు కోతలయ్యాక ఒక యానాది తాత వచ్చేవాడు. కుండతో కలుగులోకి పొగ ఊది కొక్కుల్ని పట్టేవాడు. అవి లోపల దాచుకున్న వరికంకులే ఆయన కూలి. ఏ కలుగుకు ఎన్ని దారులో నేల చూసి చెప్పేవాడు. ఓడవైద్యుడి పేరు పుస్తకాల్లో ఉంది. ఈయన పేరు నాకే తెలియదు. ఊరంతా "ఏరా" అనే పిలిచేది, పిల్లలం మేమూ అలాగే పిలిచేవాళ్లం.

ఇవాళ పొద్దున తులసికోట పక్కన రెండో కలుగు తేలింది. పట్టేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. పేరు కూడా చెప్పండి.