దుబాయి టెన్నిసూ, కోరుట్ల వీసా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లవాళ్లకు దుబాయి గురించి ఒకరు చెప్పాలా? అక్కడి సోనాపూర్ కూలీల క్యాంపుల్లో, ఒకదానిపై ఒకటి వేసిన ఇనుప మంచాల మీద పడుకునేది మనోళ్లే. అయితే అదే ఊళ్లో 1993 నుంచి మగవాళ్లకు, 2001 నుంచి ఆడవాళ్లకు పెద్ద టెన్నిస్ పోటీ జరుగుతుంది. అదీ ఫిబ్రవరిలో, ఎండ మర్యాదగా ఉన్నప్పుడు. ఆటగాడు బెంచీ మీద కూలబడితే నెత్తిన గొడుగు పడతారు. మనోడికీ ఓ రూలుంది: జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని బంద్. పన్నెండుంబావుకు సూర్యుడు చల్లగా ఉంటాడు కాబోలు!

2005 నుంచి ఆ పోటీలో ఆడా మగా ప్రైజ్‌మనీ సమానం. వింబుల్డన్‌కు ఆ బుద్ధి 2007లో గానీ పుట్టలేదు. భేష్. కాకపోతే ఆ సమానత్వం గీత దాటితే ఔట్ అనుకున్నట్టుంది, కోర్టు బయట కనబడదు. దుబాయివాళ్లను అని ఏం లాభం? 2020 సెప్టెంబరులో మన కేంద్ర సర్కారే గల్ఫ్ కూలీల కనీస వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా కోసింది. ఉద్యోగాలు కాపాడడానికట! తెలంగాణ హైకోర్టులో కేసు పడ్డాక, 2021లో గానీ వెనక్కి తగ్గలేదు.

ఇక వీసా ముచ్చట. 2009లో ఇజ్రాయెల్ క్రీడాకారిణి షహర్ పీర్‌కు వీసా ఇవ్వనందుకు మహిళా టెన్నిస్ సంఘం నిర్వాహకులకు 3 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అందుకు నిరసనగా ఆటగాడు ఆండీ రాడిక్ నేను ఆడనన్నాడు. న్యాయమే. మరి కోరుట్ల పిలగాడికి ఏజెంటు విజిట్ వీసా అంటగట్టి, కంపెనీ వీసా అని లక్షలు గుంజి, చివరికి కాగితాల్లేని కల్లివెల్లి చేసి వదిలేస్తే జరిమానా ఎవరికి? ఆ పిలగాడికే, వీసా గడువు దాటినందుకు రోజుకు 50 దిర్హాములు! వాడి కోసం ఆట మానేసే రాడిక్ మన అసెంబ్లీలో ఒక్కడూ లేడు. ఓట్లప్పుడు మాత్రం కూలీల మేలుకు గల్ఫ్ బోర్డు అంటూ అన్ని పార్టీలవాళ్లూ సర్వీసు కొడతారు. బంతి నెట్ దాటదు.

అందుకే తమ్మీ, అమ్మ పుస్తెలు కుదువ పెట్టేముందు ఆ ఏజెంటుకు లైసెన్సుందో లేదో కేంద్ర సర్కారు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడు. విజిట్ వీసా చేతిలో పెట్టి పనికి పొమ్మంటే ఇంట్లోనే ఉండు.