ఓడకు పరీక్ష, మనకు హారతి

విశాఖలో ఓడ కడితే ఏం చేస్తారో తెలుసా? చెబితే నమ్మరు. పరీక్షిస్తారు!

2014 జూన్ 30న హిందుస్థాన్ షిప్‌యార్డులో ఓ ఓడకు అంకురార్పణ జరిగింది. అప్పటికి పేరు కూడా లేదు, వీసీ 11184 అన్న నంబరే. 175 మీటర్ల పొడవు. 10 వేల టన్నుల పైచిలుకు బరువు. చేయాల్సిన పని క్షిపణుల జాడ పట్టడం, సముద్రపు అడుగును మ్యాపుకెక్కించడం. 2018 జులైలో సముద్రంలో ట్రయల్స్ మొదలయ్యాయి. నౌకాదళం చేతికి వచ్చింది 2020 అక్టోబరులో. ఐఎన్‌ఎస్ ధ్రువ్ అయ్యింది 2021 సెప్టెంబరు 10న. అంటే సముద్రం మొహం చూశాక కూడా రెండేళ్లకు పైగా దాన్ని ముప్పుతిప్పలు పెట్టారు. ఊళ్లో రిబ్బన్లు లేవా? కత్తెరలు లేవా? ఫ్లెక్సీలు కట్టేవాళ్లు కరువయ్యారా? ఏం మనుషులండీ వీళ్లు!

చుక్క నీళ్లు లేని అనంతపురంలో కూర్చుని నీకు ఓడల గోల ఎందుకయ్యా అంటారేమో. నిజమే. మాకు సముద్రమంటే బుక్కరాయసముద్రం చెరువే. ఏడాది పొడుగునా కురిసినా సగటు వాన 550 మిల్లీమీటర్లు. కానీ కుళ్లు అనేది ఒకటి ఉంటుంది కదా. ఇనుప ఓడకు దక్కిన మర్యాద మనిషికి దక్కలేదే అన్న కుళ్లు.

ఆ మర్యాద ఎలా ఉంటుందో వినండి. ముందుగా రేవులోనే బరువులు ఒక పక్కకు జరిపి ఓడ ఎంత వాలుతుందో కొలుస్తారు. తర్వాత సముద్రంలో, కచ్చితంగా కొలిచిన దూరంలో, అటోసారి ఇటోసారి పరుగెత్తిస్తారు. పోయేటప్పుడు గాలీ ప్రవాహమూ వెనక నుంచి తోసి ఉండొచ్చు. వచ్చేటప్పుడు అవే ఎదురొస్తాయి. రెండూ కలిపి సగటు తీస్తే గానీ అసలు సత్తా బయటపడదు. పూర్తి వేగంతో పోతుండగా ఉన్నట్టుండి వెనక్కి నడపమంటారు. ఎంత దూరంలో ఆగి చచ్చిందో రాసుకుంటారు. చుక్కాని ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతారు. లంగరు దించుతారు, ఎత్తుతారు. ఇంజన్లను గంటల తరబడి పూర్తి శక్తితో ఉరికిస్తారు. లోపాల చిట్టా రాస్తారు. సరిచేసి మళ్లీ తీసుకెళ్తారు. కొనుక్కునేవాడు ఒప్పుకుని సంతకం పెడితేనే బేరం ముగిసినట్టు.

ఇంకో సంగతి. ట్రయల్స్‌లో ఓడ కట్టినవాళ్లు కూడా ఓడలోనే ఉంటారు. మునిగితే వాళ్లూ మునుగుతారు. నన్నడిగితే అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

షిప్‌యార్డు వాళ్లంతా సత్యహరిశ్చంద్రులని చెప్పడం లేదు. సింధుకీర్తి అనే జలాంతర్గామి మరమ్మతుకని ఇదే యార్డుకు వెళ్లి దాదాపు తొమ్మిదేళ్లు అక్కడే మకాం వేసింది. ఆలస్యంలో వాళ్లదీ పాత చెయ్యే. కానీ ఆలస్యం చేయడం వేరు, పరీక్ష ఎగ్గొట్టడం వేరు.

మన దగ్గరా ‘ట్రయల్ రన్’ అనే మాట ఉంది. లేదనకూడదు. మోటారు స్విచ్ నొక్కి, పైపులోంచి నీళ్లు దూకగానే పూలు, పసుపు, కుంకుమ చల్లి, ఫోటో దిగి, కాన్వాయ్ ఎక్కడం. అంతే. అరగంటలో ట్రయలూ అయిపోతుంది, రన్నూ అయిపోతుంది.

2025 జులై 17న మల్యాలలో ముఖ్యమంత్రి హంద్రీ-నీవా కాలువకు నీళ్లు వదిలారు. కాలువ వెడల్పు చేశాం, ఇక 3,850 క్యూసెక్కులు పారుతాయన్నారు. మర్నాడు, అంటే 18న, విశాఖలో అదే షిప్‌యార్డు కట్టిన నిస్తార్ అనే ఓడ నౌకాదళంలో చేరింది. అది నీట దిగింది 2022 సెప్టెంబరులో. ఆ తర్వాత దాదాపు మూడేళ్లకు గానీ జెండా ఎగరలేదు. ఒకే రాష్ట్రం, ఒక రోజు తేడా. ఒకచోట పరీక్షలన్నీ అయ్యాక పండగ. ఇంకోచోట పండగే పరీక్ష.

సరే, 3,850 అన్నది అక్షరాలా నిజమే అనుకుందాం. ఎక్కడి లెక్క అది? కాలువ తల దగ్గరి లెక్క. గాలి వెనక నుంచి తోస్తుండగా ఒకవైపే పరుగెత్తించి, అదే ఓడ వేగమని రాసుకున్నట్టు. తిరుగు పరుగు ఏదీ? చివరి తూము దగ్గర కొలత ఏదీ? కాగితం మీద 40 టీఎంసీలు. నాలుగు పాత జిల్లాలు. 6 లక్షల 2 వేల 500 ఎకరాలు. కాలువ పొడవు 550 కిలోమీటర్లు దాటుతుంది. 2012లో జీడిపల్లి జలాశయానికి ఆ నీళ్లొచ్చాయి. అప్పుడూ పండగే. శంకుస్థాపనలకైతే లోటే లేదు. ముఖ్యమంత్రి మారాడు, పార్టీ మారింది, కొబ్బరికాయ మాత్రం మారలేదు. పిల్ల కాలువలు ఎప్పుడొస్తాయప్పా అంటే? ‘వస్తాయిలే సామీ!’

పెద్ద కాలువ నిండుగా పారుతుంటుంది. గట్టు మీద నిలబడి చూసుకోవచ్చు. అందుకు రుసుము లేదు. పక్క చేలో బుడ్డలు, అదే వేరుసెనగ, ఎండుతుంటాయి. ఆ కాలువ నుంచి ఊరిన నీటితోనే అక్కడక్కడా బోర్లు ఊపిరి పీలుస్తున్నాయి. ప్రభుత్వం ఇవ్వని నీళ్లను కాలువే దొంగచాటుగా ఇస్తోందన్నమాట. అది కూడా చూడలేక సిమెంటు లైనింగు వేస్తామని బయల్దేరారు. రైతులు అడ్డం తిరిగారు. తిరగరా మరి?

దానికి ముందు రెయిన్‌గన్లు. 2016 ఆగస్టు గుర్తుందా? ముఖ్యమంత్రే వచ్చి జిల్లాలో మకాం వేశారు. రక్షక తడి అన్నారు. తుపాకీ అన్న పేరుకే కరువు పారిపోతుందనుకున్నారేమో. ఆ గన్ను నీళ్లు పుట్టించదు సామీ, పోసిన నీళ్లను చిమ్ముతుంది! నీళ్లు లేకనే కదా చేను ఎండింది? అయినా ఇన్ని లక్షల ఎకరాలు కాపాడామని లెక్కలు చదివారు. ఆ తర్వాత ఆ ఏటి కరువు మండలాల జాబితా వచ్చింది. అందులో మేమున్నాం. అదే ఓడ అయితే ‘లోపం’ అని రాసేవాళ్లు. మాకు ‘విజయం’ అని రాశారు.

అంతకన్నా ముందు, 2003 నుంచి, విమానాలు. మేఘమథనం. మబ్బులో సిల్వర్ అయోడైడ్ చల్లితే వాన పడుతుందన్నారు. చల్లాలంటే ముందు మబ్బుండాలి. మబ్బంటూ ఉంటే అది తనంతట తనే కురిసేదేమో? చల్లిన మబ్బును చల్లని మబ్బుతో ఓపికగా పోల్చి చూడకపోతే ఏ వాన ఎవరిదని తేల్చాలి? మన తీర్పు సులువు. కురిస్తే విమానం గొప్ప. కురవకపోతే మబ్బు తప్పు.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇక గేట్ల దగ్గరికి రండి.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. అనంతపురం ఎగువ కాలువకు ప్రాణం ఆ డ్యామే. మిగతా 32 గేట్లూ ఎత్తి, దాచుకున్న నీళ్లను చేతులారా వదిలేశారు. నీటిమట్టం దిగాక, ఆగస్టు 17 నాటికి, గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు వచ్చి స్టాప్‌లాగులనే తాత్కాలిక అడ్డుపలకలు దింపితే పరువు దక్కింది. ఆయన రిటైరైన ఇంజినీరు. మరి జీతాలు తీసుకుంటున్నవాళ్లు? 33 గేట్లూ మార్చాల్సిందేనని నిపుణుల కమిటీ చెప్పింది. తెగాక చెప్పింది! 105 టీఎంసీల డ్యాంలో మరుసటి ఏడాది 80కి మించి నిలపొద్దన్నారు. ఒక గొలుసుకు 25 టీఎంసీల జరిమానా. గొలుసు చూడాల్సినవాడు కట్టలేదు. చేను ఉన్నవాడు కట్టాడు.

అది డెబ్బై ఏళ్ల ముసలి గేటంటారా? పులిచింతల ప్రాజెక్టు ప్రారంభమైంది 2013 డిసెంబరులో. 2021 ఆగస్టు 5న 16వ గేటు ఊడిపోయింది. ఎనిమిదేళ్లు నిండలేదు! గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022లో ఒకటి, 2023లో మరొకటి. సంవత్సరానికో గేటు, క్రమశిక్షణగా. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కింది ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఉన్నవే ఐదు గేట్లు. అందులో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర మంత్రే పార్లమెంటులో చెప్పారు. వరద వచ్చేదాకా ఆ గేటును ఒక్కసారైనా ఎత్తి దించి చూడాలని ఎవరికీ తోచలేదా? ఓడ లంగరునైతే కొనకముందే దించి ఎత్తుతారే! చెయిన్‌కు గ్రీజు పూయడానికి కూడా శంకుస్థాపన చేయాలా? చేయండి. కొబ్బరికాయ మేమే తెస్తాం.

ఇకనుంచి డ్యాం గేటు పరీక్షించే రాత్రి మంత్రిగారు, చీఫ్ ఇంజినీరు, కాంట్రాక్టరు ముగ్గురూ కట్ట కింద ఊళ్లో పడుకోవాలి. ఓడ కట్టినవాళ్లు ఓడలో పడుకోవడం లేదా? మంచాలు మేం వేస్తాం. దోమతెరలూ ఇస్తాం. కాలువకైతే హారతి మల్యాలలో వద్దు, చివరి తూము దగ్గర ఇవ్వండి. మొదటి రోజు కాదు, నలభయ్యో రోజు ఇవ్వండి. అక్కడికి ఎన్ని క్యూసెక్కులు వచ్చాయో ఊరివాళ్ల ముందు కొలిచి, తక్కువైతే ‘లోపం’ అని రాసి, సంతకం ఆ నీళ్లు పారాల్సిన చేను రైతు చేత పెట్టించండి. ఆయన పెట్టనంటే బిల్లు ఆపండి.

తేదీ చెప్పండి. కొలబద్ద మేం పట్టుకొస్తాం.