మా రోజుల్లో కొండకి దారి ఉండేది

ఆదివారం పొద్దున ఇంగ్లండులో పీక్ డిస్ట్రిక్ట్ కొండల్లోని మామ్ టార్ ఎక్కి చూడండి, తిరుమల క్యూ లైను గుర్తొస్తుంది. అక్కడైతే చివర్లో లడ్డూ అయినా చేతికొస్తుంది. ఇక్కడ 517 మీటర్ల శిఖరం మీద ఛాతీ ఎత్తు కాంక్రీటు దిమ్మ ఒకటుంది, దాన్ని వాటేసుకుని ఫొటో దిగడానికే ఆ వరస. మొన్న నా ముందు నిలబడ్డ కుర్రాణ్ణి, ఈ దిమ్మ ఏమిటో తెలుసా బాబూ అని అడిగాను. "ఫొటో పాయింట్, అంకుల్" అన్నాడు. మన తెలుగు పిల్లాడే. షెఫీల్డులో ఎమ్మెస్సీ చదువుతున్నాట్ట.

ఫొటో పాయింటట! ఈ దేశం మొత్తాన్ని త్రికోణాలుగా విడగొట్టి కొలవడానికి ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్లు 1936లో మొదలుపెట్టి కట్టుకుంటూ పోయిన ట్రిగ్ పాయింట్లు అవి, ఆరువేల పైచిలుకు. నెత్తిన ఇత్తడి బిళ్ల, అందులో మూడు గాళ్లు ఉంటాయి. థియోడొలైట్ కాళ్లు ఆ గాళ్లలో కూర్చోబెట్టి, దూరాన ఇంకో కొండ మీద వెలిగించిన దీపం కనబడేదాకా చలిలో రాత్రిళ్లు కాచుకునేవారు. అంత తపస్సు చేసి కొలిచిన బిళ్ల మీద ఇప్పుడు కాఫీ కప్పు పెట్టి దాన్ని కూడా ఫొటో తీస్తున్నారు. ఇదంతా ఆ కుర్రాడికి చెప్పాను. "ఓ, సూపర్ అంకుల్, కొంచెం పక్కకి జరుగుతారా" అన్నాడు.

మా రోజుల్లో మామ్ టార్ ఎక్కాలంటే ముందు దాని దగ్గరికి చేరాలి. నేను గుంటూరులో డాక్టరీ చదివి 1970ల్లో ఇక్కడి ఆసుపత్రికి వచ్చినవాణ్ణి. కారు లేదు. డ్యూటీ లేని ఆదివారం మాంచెస్టరు వైపు వెళ్లే రైలెక్కి ఎడేల్‌లో దిగితే, ఆ బండిలోంచి బూట్లూ సంచులూ వేసుకున్న జనం బిలబిలా దిగి, పావుగంటలో నాలుగు దిక్కులా మాయమైపోయేవారు. మళ్లీ సాయంత్రం బండికే కలవడం. మధ్యలో ఎవరి దారి వాళ్లది. ఇప్పుడు కారు సరాసరి కొండ మెడ దాకా వస్తుంది. అక్కణ్ణుంచి పైదాకా రాతి మెట్లు పరిచారు. పావుగంటలో శిఖరం, ఐదు నిమిషాల్లో ఫొటో, మళ్లీ కారు. అక్కణ్ణుంచి హాదర్‌సేజ్ ఊరి పక్కన సర్‌ప్రైజ్ వ్యూ అనే మలుపు దగ్గర ఇంకో ఫొటో. రోడ్డు మలుపు తిరగ్గానే లోయంతా ఒక్కసారి కళ్లముందు పడుతుందని దానికా పేరు. ఫోన్లో ముందే వంద ఫొటోలు చూసి వచ్చినవాడికి అక్కడ సర్‌ప్రైజ్ ఏముంటుందో నాకైతే బోధపడదు.

ఇక మ్యాపు సంగతి. నాకు నేర్పింది మా వార్డులో పనిచేసిన సిస్టరు గారు, షెఫీల్డు ఆవిడ. నా మొదటి జీతాల్లో ఆవిడ కొనిపించిన డార్క్ పీక్ మ్యాపు ఇప్పటికీ నా దగ్గరుంది. మడతల దగ్గర చిరిగితే టేపు, టేపు మీద టేపు. నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ముందు అడ్డంగా మూడంకెలు, తరవాత నిలువుగా మూడంకెలు చదివితే కొండ మీద వంద మీటర్ల చదరం దొరుకుతుంది. ఆకుపచ్చ చుక్కల గీత కాలిదారి. గోధుమరంగు గీతలు దగ్గర దగ్గరగా ఉంటే ఒళ్లు దగ్గర పెట్టుకోమని అర్థం. ఎంతసేపు పడుతుందో కూడా మనమే లెక్క కట్టుకోవాలి. 1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండాయన చెప్పిన సూత్రం ఉంది: మూడు మైళ్లకి గంట, ఎక్కే ప్రతి రెండువేల అడుగులకీ ఇంకో గంట. నడుస్తూ నోటితో లెక్క వేసేవాళ్లం.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష దిక్సూచి. అప్పట్లో అయస్కాంతపు ముల్లు చూపే ఉత్తరానికీ మ్యాపులో ఉత్తరానికీ ఈ ప్రాంతంలో ఏడెనిమిది డిగ్రీల తేడా. అది కలపాలా తీసెయ్యాలా అన్నది పొగమంచులో వేళ్లు కొంకర్లు పోతుంటే తేల్చుకోవాలి. తప్పితే కిండర్ స్కౌట్ పీఠభూమి మీది పీట్ బురదలో మోకాలి దాకా దిగబడతారు. ఆ ముల్లు ఏటా కాస్త కాస్త జరుగుతూ వచ్చి, 2022 నవంబరులో డార్సెట్ తీరాన లాంగ్టన్ మాట్రవర్స్ అనే ఊళ్లో ముల్లు ఉత్తరం, మ్యాపు ఉత్తరం, అసలు ఉత్తరం మూడూ ఒకటైపోయాయి. ఇప్పుడు కలపడమూ లేదు, తీసెయ్యడమూ లేదు. మేం చెమటోడ్చి నేర్చుకున్న విద్య అక్కర్లేని కాలంలో పుట్టడం చూడండి, వీళ్ల కోసం భూమి కూడా సర్దుకుంది! అయినా దిక్సూచి పట్టుకున్నవాడు ఒక్కడు కనబడడు.

మా అల్లుడి చేతిలో ఫోనుంటుంది. "మామయ్యగారూ, నీలం చుక్క ఎక్కడుంటే మనం అక్కడున్నట్టే కదండీ" అంటాడు. నిజమే. కానీ ఆ చుక్క చుట్టూ ఏముందో ఆయన తలెత్తి చూడడే! ఎడమచేతి వైపు ఉన్నది లూజ్ హిల్ అని పదిసార్లు చెప్పాను, పదకొండోసారి ఫోనునే అడిగాడు. చలికి బ్యాటరీ పడిపోతే జేబులోంచి ఇంకో బ్యాటరీ తీస్తాడు. అదీ పోతే కొండరక్షక దళం ఉందిగా. ఎడేల్ దళం వాళ్లంతా జీతం లేని వలంటీర్లు. అన్నం ముందు కూర్చున్నవాళ్లు కంచం వదిలేసి, చీకటి పడుతుందని తెలియనివాళ్ల కోసం టార్చిలు పట్టుకుని బయల్దేరతారు. పైసా పుచ్చుకోరు. చీకటి పడుతుందని తెలియకపోవడం ఏమిటండీ? సూర్యుడికి కూడా యాప్ కావాలా?

ఆ కిండర్ దారుల మీద నడిచే హక్కు ఊరికే రాలేదని మా అల్లుడికి చెప్పబోతే, "ఇన్ఫర్మేషన్ బోర్డు మీద ఉందండీ" అన్నాడు. ఉంది, ఆయన చదవలేదు. మూర్‌లనే ఆ బీడు కొండలన్నీ ఒకప్పుడు దొరలు గ్రౌస్ పిట్టల వేటకి అట్టిపెట్టుకున్నవి. మామూలు జనం అడుగుపెడితే కావలివాళ్లు కర్రలతో తరిమేవారు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు, షెఫీల్డు మిల్లు పిల్లలు, ఫ్యాక్టరీ కుర్రాళ్లు వందలాదిగా కావాలనే కిండర్ ఎక్కారు. ముందు నడిచిన బెన్నీ రాత్‌మన్‌కి ఇరవై ఏళ్లు. కావలివాళ్లతో గొడవపడ్డారని ఐదుగురిని జైల్లో పెట్టారు, రెండు నెలల నుంచి ఆరు నెలల దాకా. తరవాత 1949లో చట్టం వచ్చింది, 1951లో పీక్ డిస్ట్రిక్ట్ ఈ దేశపు మొదటి నేషనల్ పార్క్ అయింది, దారి వదిలి కూడా తిరిగే హక్కు 2000 చట్టంతో గానీ రాలేదు. అదైనా ఇంగ్లండు నేలలో నూటికి ఎనిమిది వంతులకే. వాళ్లు జైలుకి పోయి సంపాదించి పెట్టిన కొండని వీళ్లు కారు పార్కు నుంచి చూసి, వెనక్కి తిరిగి, తమ మొహాన్ని ముందు పెట్టుకుని ఫొటో తీసుకుంటున్నారు.

బురద గురించి కూడా చెప్పాలి. మా రోజుల్లో కిండర్ పీఠభూమి నల్లగా, బోసిగా, కాలిపోయిన పెనంలా ఉండేది. నూరేళ్ల పైబడి మాంచెస్టరు పొగగొట్టాల మసి, ఆమ్లపు వానలు, గొర్రెల మేత కలిసి నాచుని చంపేశాయి. 2003 నుంచి అక్కడివాళ్లు కాలవలకి అడ్డుకట్టలు వేసి, గడ్డి చల్లి, స్ఫాగ్నం నాచుని మొక్క మొక్కగా నాటుతున్నారు. కిండర్ 2009లో నేషనల్ నేచర్ రిజర్వ్ కూడా అయింది. వెళ్లి చూడండి, పచ్చగా ఉంది, జూన్‌లో పత్తిగడ్డి తెల్లగా ఊగుతుంది. దీని మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదల్లా, పాత మిల్లుల నేలరాళ్లు హెలికాప్టర్లలో తెచ్చి పరిచిన బాట మీద తెల్ల బూట్లు మాయకుండా నడిచిపోతూ పక్కనున్న ఆ నాచుని తొక్కి ఫొటో దిగేవాళ్ల మీద.

అడివి సంగతి చూద్దామా. ప్యాడ్లీ గార్జ్‌లో ముసలి ఓక్ చెట్లున్నాయి, గడ్డాల్లా నాచు వేలాడుతూ. ఏప్రిల్ చివర్లో పశ్చిమాఫ్రికా నుంచి పైడ్ ఫ్లైక్యాచర్ అనే నలుపూ తెలుపూ పిట్ట వచ్చి ఆ తొర్రల్లో కాపురం పెడుతుంది. దాని గొంతు గుర్తుపట్టడానికి నాకు ఎన్ని వసంతాలు పట్టాయో! మా మనవరాలు ఫోను పైకెత్తి పట్టుకుని అర నిమిషంలో "పైడ్ ఫ్లైక్యాచర్, తాతయ్యా" అంది. ఎక్కడే అంటే, "ఇదిగో" అని తెర చూపించింది. కింద వాగులో పిల్లల కేరింతలు, స్పీకర్లో పాట, ఒక్కసారి వాడి పారేసే బార్బెక్యూ పొగ. నిప్పు పెట్టొద్దని బోర్డులున్నాయి. 2018లో శాడిల్‌వర్త్ మూర్ రోజుల తరబడి తగలబడింది, సైన్యం దిగాల్సొచ్చింది. అయినా బొగ్గులు అంటించకపోతే కొందరికి ఆదివారం ఆదివారంలా ఉండదు.

లాత్‌కిల్ డేల్‌లో ఇంకో బాధ. ఆ లోయ అందమంతా యాష్ చెట్లదే. 2012లో ఈ దేశంలో బయటపడ్డ బూజు తెగులు వాటిని పైనుంచి ఎండబెట్టుకుంటూ వస్తోంది. దారి మీద పడతాయని కొట్టేస్తున్నారు, బదులుగా వేరే జాతుల మొక్కలు నాటుతున్నారు. నేను వచ్చిన కొత్తలో ఎల్మ్ చెట్లు ఇలాగే పోయాయి. ఒకే మనిషి బతుకులో రెండు జాతులు! ఈ మాట నేనంటే మా అల్లుడు ఎండిన చెట్టుకి ఎదురుగా నిలబడి, "ఈ వెలుతురు బాగుందండీ" అన్నాడు.

మొన్నటిదాకా ఈ కొండల్లో నల్ల మొహం నాదొక్కటే. సద్ది డబ్బాలో పెరుగన్నం, మాగాయ టెంక. పక్క బండ మీద చీజ్ శాండ్‌విచ్ తింటున్న ముసలాయన ఆ టెంక వంకే చూసేవాడు, అడిగేవాడు కాదు. ఇప్పుడు ఎటు చూసినా మనవాళ్లే. బ్రాడ్‌ఫర్డు నుంచి, మాంచెస్టరు నుంచి మూడు కార్లలో దిగి, పులిహోర పొట్లాలు విప్పి, పొరుగున కూర్చున్న తెల్లవాళ్లకి కూడా పెడతారు. నాకు సంతోషమే, ఎందుకు కాదు. కానీ తమ్ముళ్లూ, ఆ అల్యూమినియం రేకులు తిరిగి ఇంటికి పట్టుకుపోండమ్మా, గొర్రె కడుపులో పడతాయి.

లేడీబవర్ జలాశయం దగ్గరా ఇదే గోల. దాని కింద డెర్వెంట్, ఆషాప్టన్ అని రెండూళ్లు మునిగిపోయాయి. డెర్వెంట్ చర్చి గోపురం కొన్నాళ్లు నీళ్లలోంచి పైకి కనబడుతుంటే, ఈదుకుంటూ వెళ్లేవాళ్లకి ప్రమాదమని 1947లో పేల్చేశారు. శ్రీశైలం వెనక నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుందే, అలా కరువొచ్చిన ఏడాది ఇక్కడ పాత గోడలు తేలతాయి. సంగమేశ్వరంలో జనం చెప్పులు విప్పి దండం పెడతారు. ఇక్కడ 2018లో వేలమంది ఎగబడి, గోడల మీద పేర్లు గీకి, బురదలో ఇరుక్కుని కేకలు పెట్టారు.

పోయిన ఆదివారం ఒక కారు పార్కులో ఆగాం. ఎక్కడో చెప్పను. నేను ఠంచనుగా చిల్లర మూట తీశాను. మిషను నాణేలు తీసుకోదట, యాప్‌లో కట్టాలట. అల్లుడు ఫోను తీశాడు, లోయలో సిగ్నలు లేదు. పక్క కారాయన సలహా చెప్పాడు: కొండ మీదికి వెళ్తే సిగ్నలు బ్రహ్మాండంగా వస్తుందట. కట్టకుండా పదినిమిషాలు దాటితే జరిమానా. పైకెక్కడానికి నలభై నిమిషాలు, నెయిస్మిత్ లెక్కన. "మామయ్యగారూ, మీరు కార్లోనే కూర్చోండి, నేను పరిగెత్తి కట్టేసి వస్తా" అన్నాడు అల్లుడు. ఆయన ఇన్నాళ్లలో ఒక కొండని ఆగకుండా ఎక్కడం అదే మొదటిసారి.