బంటు మనది, గాంబిట్ వాళ్లది

చదరంగంలో స్మిత్–మోరా గాంబిట్ అని ఒకటుంది. సిసిలియన్ డిఫెన్స్ ఆడే నల్లపావుల వాణ్ని హడలెత్తించడానికి తెల్లపావుల వాడు మూడో ఎత్తులోనే బంటును ఎరవేస్తాడు. లెక్క తేలేసరికి తనకు ఒక బంటు తక్కువ, కానీ గుర్రం అప్పుడే బరిలో ఉంటుంది. వెనకే శకటు దూకుతుంది, రాజు క్యాస్లింగ్ చేసుకుని మూలకు చేరతాడు, ఏనుగులు రెండూ ఖాళీ వరసల్లో కాపు కాస్తాయి. నల్లవాడి బలగం ఇంకా ఇల్లు కదలదు. "బంటుదేముంది, డెవలప్‌మెంట్ చూడండి!" అంటారు గాంబిట్ భక్తులు.

చూస్తే ముచ్చటగానే ఉంటుంది. దాడి ఫలించకపోతేనే చిక్కు. పావులు ఒక్కొక్కటే మార్పిడైపోయి, చివరికి బల్ల మీద ఆ తక్కువైన బంటు లోటే మిగులుతుంది. దానికి పేరిచ్చిన ఇద్దరిలో ఒకడైన కెన్ స్మిత్, 1972లో సొంతగడ్డ టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో టోర్నీలో దాన్నే ఆడి మూడు ఆటలు పోగొట్టుకున్నాడు. అయినా ఆ పెద్దమనిషిని మెచ్చుకోవాలి. వదిలింది తన బంటు, ఓడిందీ తనే.

మా కడప జిల్లా జమ్మలమడుగు గాంబిట్‌లో ఆ ఇబ్బంది లేదు. ఎత్తు పాలకులది, పోయే బంటు మనది. 2007లో అంబవరం దగ్గర వై.ఎస్. రాజశేఖరరెడ్డి బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన చేశారు. పది వేల ఎకరాలకు పైగా నేల, ఎకరా 18 వేల రూపాయల చొప్పున రాసిచ్చారు. తర్వాత ఆ కేటాయింపు రద్దయింది. 2014 విభజన చట్టం, ఈ జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆర్నెల్లలో తేల్చమని ప్రభుత్వ రంగ ఉక్కు సంస్థ సెయిల్‌కు చెప్పింది. 2018 డిసెంబరులో, ఎన్నికల ముంగిట, కంబాలదిన్నెలో చంద్రబాబు రాయి వేశారు. ఏడాది తిరగ్గానే సున్నపురాళ్లపల్లెలో కొత్త ముఖ్యమంత్రి జగన్ వేశారు. 2023 ఫిబ్రవరిలో అదే ఊళ్లో అదే ముఖ్యమంత్రి, ఈసారి జిందాల్‌ను వెంటబెట్టుకుని మళ్లీ భూమిపూజ చేశారు. పదహారేళ్లలో నాలుగు పునాదులు పడ్డాయి. ఆ పదహారేళ్లలో ఒక్క టన్ను ఉక్కు పోసిన పాపాన పోలేదు.

డెవలప్‌మెంట్ జరగలేదంటే మాత్రం కళ్లు పోతాయి. శంకుస్థాపన రోజున ఎంత వేగమో చూడాలి! రాత్రికి రాత్రే రోడ్డుకు తారు, తెల్లారేసరికి హెలిప్యాడ్, షామియానాలు, ఫ్లెక్సీలు, కాన్వాయ్. పావులన్నీ ఒక్కసారిగా బరిలోకి దూకుతాయి. సాయంత్రానికల్లా పెట్టెలో సర్దుకుని వెళ్లిపోతాయి. మనకు మిగిలేది శిలాఫలకం.

అక్కడికి ఎంతో దూరం లేని కలమల్లలో, చెన్నకేశవస్వామి గుడి దగ్గర, క్రీ.శ. 575 నాటిదని చెప్పే రేనాటి చోళుల శాసనం దొరికింది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనం అదే. వేయించింది ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. రాళ్లు పాతడంలో ఈ సీమకు ఇంత అనుభవం ఉందని తెలిసే కాబోలు, ఉక్కు అడిగినప్పుడల్లా మన పాలకులు రాయి ఇస్తున్నారు.

కానీ పాతవాళ్లకు ఒక భయం ఉండేది. దానశాసనాల చివర, మాట తప్పినవాడికి మహాపాతకాలు చుట్టుకుంటాయని చెక్కించేవారు. ఇప్పటి ఫలకాల మీద ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి అందరూ ఉంటారు గాని ఆ ఒక్క వాక్యం ఉండదు.

అయిదో రాయి వేయబోయే మహానుభావులకు మనవి. శాపం చెక్కించకపోయినా ఫర్వాలేదు, ఉక్కు వచ్చే తేదీ చెక్కించండి. చదరంగం బల్ల పక్కన గడియారం పెట్టేది ఊరికే కాదు. ఆ తేదీకి కొలిమి రాజుకోకపోతే ఆట ఓడామని ఒప్పుకుని, తీసుకున్న నేల వెనక్కివ్వండి.