ఎవరెస్టుకు బ్రేక్ దర్శనం

మొత్తానికి ఎవరెస్టుకూ బ్రేక్ దర్శనం వచ్చేసింది. రెండు నెలలు సెలవు పెట్టి, బేస్ క్యాంపులో పడిగాపులు కాసి, ఎక్కుతూ దిగుతూ ఒంటిని ఆ గాలికి అలవాటు చేసుకునేదంతా ఇక అలిపిరి మెట్ల బాపతు జనానికి. సొమ్మున్నవాడికి వారం చాలు. జర్మనీలో ఓ క్లినిక్కుకు వెళ్ళి మాస్కు తగిలించుకుని కాసేపు జీనాన్ గ్యాసు పీల్చాలి. తర్వాత విమానం, హెలికాప్టరు, శిఖరం, ఫొటో. 2025 మేలో నలుగురు బ్రిటిష్ మాజీ సైనికులు లండన్‌లో బయల్దేరి అయిదు రోజుల్లోపే పైకెక్కారు. వాళ్ళలో ఒకాయన మంత్రి కూడానట. మన మంత్రులకు సొంత నియోజకవర్గంలో కొండ మీది గూడేనికి పోవడానికే తీరిక దొరకదు. అందుకైనా ఆయన్ని మెచ్చుకోవాలి.

ఇంతకీ ఆ గ్యాసు మహిమ ఏమిటి? పీలిస్తే ఒంట్లో ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోను పెరిగి, ఎర్ర రక్తకణాలు పుట్టుకొచ్చి, ఎత్తు మీద ఊపిరి ఆడుతుందని అమ్మేవాళ్ళ మాట. ఆటగాళ్ళు దాన్ని పీల్చకూడదని ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2014లోనే నిషేధించింది. కొండెక్కేవాడికి అంపైరు లేడు గనక ఆ గొడవ లేదు. దీనివల్ల కొండ మీద సత్తువ పెరుగుతుందనడానికి ఆధారమే లేదని, అడ్డగోలుగా వాడితే ముప్పని, అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య వీళ్ళు బయల్దేరకముందే, ఆ జనవరిలోనే చెప్పింది. ఎవడు విన్నాడు? టికెట్టు లక్షన్నర యూరోలు, అంటే మన లెక్కలో కోటిన్నర దాకా. అంత పెట్టి కొన్నాక పని చెయ్యలేదని ఏ మొహంతో అంటాడు?

పోనీ, వారమన్న మాటైనా నిజమా అంటే అదీ కాదు. ఆ నలుగురూ బయల్దేరేముందు వారాల తరబడి ఇళ్ళలోనే ఆక్సిజన్ తక్కువుండే గుడారాల్లో పడుకున్నారు. ఆ వారాలు మాత్రం లెక్కలోకి రావు. పైకి పోయాక ఎలాగూ ఆక్సిజన్ సిలిండర్లున్నాయి. ముందు తక్కువ ఆక్సిజన్‌లో నిద్ర, మధ్యలో జీనాన్, చివర్లో మళ్ళీ ఆక్సిజన్. అదే నెలలో న్యూయార్క్ నుంచి వచ్చిన ఇంకొకాయన, ఈ గ్యాసు జోలికి పోకుండా గుడారంలో పడుకునే, నాలుగు రోజుల్లో ఎక్కేశానని ప్రకటించుకున్నాడు. మరి ఆ గ్యాసు ఏం పొడిచినట్టు?

ఆ మాటకొస్తే శిఖరం మీది ఫొటోకు కొండెక్కాల్సిన పని కూడా లేదని 2016లోనే పుణె పోలీసు దంపతులు నిరూపించారు. మరొకరి ఫొటోలో తమ మొహాలు అతికించుకున్నందుకు నేపాల్ వాళ్ళని పదేళ్ళు రావద్దంది.

ఇదంతా నవ్వుకుని వదిలెయ్యొచ్చు. అమ్మేవాళ్ళు చెప్పేవాటిలో వదల్లేని ముక్క ఒకటుంది. తక్కువ రోజులుంటే చెత్త తక్కువ పడుతుందట, షెర్పాల ప్రాణాలకూ ముప్పు తగ్గుతుందట. అంటే ఇది షెర్పాల మీద జాలితో చేసిన ఏర్పాటు!

మీరు బేస్ క్యాంపు పైనున్న మంచుగడ్డల దారి, ఖుంబూ ఐస్‌ఫాల్‌ని ఒక్కసారి దాటారు, సరే. మీ గుడారం ఎవరు దాటించారు? మీ సిలిండర్లు, స్టవ్వు, మీ సూపు పొట్లాలు నడిచొచ్చాయా? మంచు పగుళ్ళ మీద నిచ్చెనలు వేసింది, శిఖరం దాకా తాడు కట్టింది ఎవరు? మీరు వారంలో రాగలిగారంటే ఎవడో మీకంటే నెల ముందొచ్చి అదంతా సిద్ధం చేసిపెట్టాడు గనకే. ఆ నలుగురి వెంట అయిదుగురు షెర్పాలు నడిచారు. హెడ్డింగుల్లో నలుగురే ఉన్నారు.

2014 ఏప్రిల్ 18 ఉదయం అదే ఐస్‌ఫాల్‌లో మంచు విరిగిపడి 16 మంది చచ్చిపోయారు. అందరూ నేపాలీలే, అందరూ కూలికెళ్ళినవాళ్ళే. ఇంకొకళ్ళ శిఖరం కోసం వీపున బరువులు కట్టుకుని పోతున్నవాళ్ళు. తక్షణ ఖర్చులకని ప్రభుత్వం ఒక్కో ఇంటికి మొదట ప్రకటించింది 40,000 నేపాలీ రూపాయలు. మన డబ్బులో 25,000. మిగతా షెర్పాలు ఈ సీజనుకి పని చెయ్యం అన్నారు. ఆ రోజుల మీద తీసిన 'షెర్పా' డాక్యుమెంటరీలో ఒక క్లయింటు, వీళ్ళ యజమానులతో మాట్లాడలేరా అని అడుగుతాడు. యజమానులట! సిగ్గుండాలి. ఆ తర్వాత పర్మిట్ రుసుము మాత్రం 11,000 డాలర్ల నుంచి 15,000కి పెరిగింది.

ఆ 2014లోనే, మే 25న, టిబెట్ వైపు నుంచి, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ శిఖరం ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ పిల్ల వెంటా షెర్పాలున్నారు, కాదనను. కానీ భువనగిరి గుట్ట మీద గోళ్ళు అరగదీసుకుని, డార్జిలింగ్‌లో నేర్చుకుని, లడఖ్ చలిలో వణికి వెళ్ళింది. నెలలు పట్టింది. ఎవరూ మాస్కు పెట్టి ఊదలేదు.



మా అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడికి కూడా ఈ ఎవరెస్టు పిచ్చి పట్టింది. లిఫ్టు చెడిపోతే సెల్లారులోనే కుర్చీ వేయించుకుని మెకానిక్ వచ్చేదాకా కూర్చునే మనిషి. మొన్న ఏదో కంపెనీ బ్రోచరు వాట్సాప్‌లో పంపించి, వెనకాలే తనూ దిగాడు. "మనకేం శ్రమ లేదు సార్. షెర్పాలుంటారు, అంతా వాళ్ళే చూసుకుంటారు" అన్నాడు. డబ్బు సంగతి అడిగితే ఫ్లాటు అమ్మేస్తానన్నాడు. ప్రాణాల మీదికి వస్తేనో అంటే హెలికాప్టరు ఇన్సూరెన్స్ ఉందన్నాడు. ఆయన్ని వేధిస్తున్న సందేహం ఒక్కటే. బ్రోచరు చివరి పేజీలో, కిందెక్కడో చిన్న అక్షరాల్లో, షెర్పాకిచ్చే సమ్మిట్ బోనస్ ప్యాకేజీలో కలవదని ఉంది. అక్కడ వేలు పెట్టి చూపించి అడిగాడు:

"ఇది కంపల్సరీ అంటారా సార్?"